సలీం చూశాడా?

మొన్న మద్దిలపాలెంలో మా ఇంటికి ఒకమ్మాయి వచ్చింది. ఫోరెన్సిక్ విభాగంలో కొత్తగా చేరిందట. కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, "సార్, మీరు సలీం సార్ దగ్గర పనిచేశారట కదా, ఆయన గురించి ఏమైనా చెప్పండి" అంది.

దగ్గర కాదమ్మా, పక్కన. మేమిద్దరం ఒకేసారి ఉద్యోగంలో చేరాం. ఒకే రాతిబల్లకి అటు అతనూ ఇటు నేనూ నిలబడి, డెబ్భైల్లోనూ ఎనభైల్లోనూ విశాఖపట్నంలో అనుమానాస్పదంగా చచ్చిపోయినవాళ్ళ లోపల ఏముందో చూశాం. అయినా ఇన్నేళ్ళ తర్వాత కూడా నా ఇంటికొచ్చి, నా కాఫీ తాగి, సలీం గురించే అడుగుతారు. ఆ అమ్మాయికి ఏదో చెప్పి పంపించాను గానీ, ఆ రోజంతా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకి ఉపయోగపడితే మంచిదే.

ఇదేదో తప్పు ఒప్పుకుంటున్నానని అనుకోకండి. అసూయ చెడ్డదని నేననుకోను. నాకు పని నేర్పింది అదే.

తీయడమే కష్టం

శవపరీక్ష అంటే కోయడం అనుకుంటారు. కోయడం ఎవరైనా కోస్తారు. లోపలున్నవి బయటికి తీయడంలో ఉంది సంగతంతా. మనిషి లోపల అవయవాలు వంటింటి అరలో డబ్బాల్లా విడివిడిగా ఉండవు. ఒకదాన్నొకటి ఆనుకుని, పొరలతో అతుక్కుని, గొట్టాలతో ముడిపడి ఉంటాయి. ఏది ముందు తీశావు, ఎక్కడ తెంపావు, తెంపేముందు చూశావా లేదా అన్నదాని మీదే నీ రిపోర్టంతా ఆధారపడుతుంది. ఒకసారి తెంపాక మళ్ళీ అతికించి చూసే వీలు లేదు.

మా ప్రొఫెసరు గారు మాకు నేర్పింది విడివిడి పద్ధతి. ముందు గుండె తీసి, తూచి, కోసి చూసి పక్కన పెట్టాలి. తర్వాత ఊపిరితిత్తులు. విషం అనుమానముంటే కడుపుని రెండు వైపులా దారంతో బిగించి కట్టి తీయాలి. ఆ తర్వాత కాలేయం, మూత్రపిండాలు, మిగతావి. శుభ్రమైన పద్ధతి, పని తొందరగా తెములుతుంది. బయట వరండాలో బంధువులు ఏడుస్తూ కూర్చున్నప్పుడు తొందర కూడా ఒక ధర్మమే.

రెండోదాన్ని మేం గుత్తి అనేవాళ్ళం. నాలుక మొదలుకొని పొత్తికడుపు అడుగు దాకా అన్నీ కలిపి, ఎక్కడా తెగకుండా వెన్నెముక నుంచి ఒలుచుకుంటూ వచ్చి, ఒక్కసారిగా రెండు చేతుల్లో బయటికి ఎత్తడం. ఎత్తి బల్ల మీద బోర్లా పరిచి, వెనక వైపు నుంచి ఒక్కొక్కటే విప్పుకుంటూ చూడడం. ఇది ఓపికతో పని, నడుముతో పని. ఎక్కడో ఒకచోట కత్తి జారిందంటే మొత్తం పోయినట్టే.

వాసన గురించి కొత్తవాళ్ళందరూ అడుగుతారు. అలవాటవుతుందని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. అలవాటు కాదు. దాన్ని ఇంటికి మోసుకెళ్ళకుండా ఉండడం మాత్రం నేర్చుకుంటాం. మా మార్చురీ కిటికీ తెరిస్తే పోర్టు వైపు నుంచి ఇనుప ఖనిజం ధూళి వచ్చి పడేది. మూస్తే లోపలి వాసన. మేం తెరిచే ఉంచేవాళ్ళం.

సలీం

సలీం వాళ్ళది విశాఖలోనే పాతపట్నం. వాళ్ళ నాన్నది దర్జీ దుకాణం, ఓడల్లో పనిచేసేవాళ్ళకి యూనిఫారాలు కుట్టేవారు. శవపరీక్ష అయ్యాక శరీరాన్ని మళ్ళీ కుట్టాలి కదా, ఆ కుట్టు దగ్గరే నాకు మొదటిసారి కన్నుకుట్టింది. సలీం కుట్టిన శరీరానికి తెల్లబట్ట కప్పితే, కోసినట్టే ఎవరికీ తెలిసేది కాదు. ఒకసారి ఒక లారీ డ్రైవరు భార్య మొగుడి మెడా గుండే చూసుకుని, "ఏటీ సేయలేదేటి బావూ మీరు?" అని అడిగింది. సలీం తలూపి, "ఏటీ సేయలేదమ్మా, సూసేమంతే" అన్నాడు. ఆవిడ చేతులెత్తి మొక్కింది.

అదే వారంలో నేను కుట్టినదాన్ని ప్రొఫెసరు గారు చూసి, "ఏమయ్యా మూర్తీ, బియ్యం బస్తా కుట్టావా?" అన్నారు. అందరూ నవ్వారు. సలీం నవ్వలేదు. అతను నవ్వి ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

గుత్తి పద్ధతి మా దగ్గర మొదలుపెట్టిందీ అతనే. లైబ్రరీలో ఏదో పాత విదేశీ పుస్తకంలో చదివాడు. మొదటి రోజు ప్రొఫెసరు గారు కేకలేశారు. రెండో రోజు పక్కన నిలబడి చూశారు. మూడో రోజు నుంచి ఆయన సలీం భక్తుడైపోయారు. నేను కూడా అలా చేస్తానని అడిగితే, నా వైపు జాలిగా చూసి, "నువ్వు విడివిడిగానే కానివ్వు. అది అందరివల్లా అయ్యేది కాదు" అన్నారు.

ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆయన పోయి చాలా కాలమైంది, అయినా మర్చిపోలేదు.

అప్పటి నుంచి ఆయనకి ఒక ఊతపదం పట్టుకుంది. నేను ఏ రిపోర్టు పట్టుకెళ్ళినా, కళ్ళజోడు పైకి తోసి, "సలీం చూశాడా?" అనేవారు. నీళ్ళలో మునిగిన కేసా, సలీం చూశాడా? ఉరి కేసా, సలీం చూశాడా? నేను సెలవు చీటీ పెట్టినా అదే మాట అంటారేమోనని భయంగా ఉండేది. ఇంట్లో చూస్తే మా ఆవిడ "సలీం అన్నయ్య ఎంత నెమ్మదస్తుడండీ" అనేది. అతను రంజానుకి పంపించే సేమ్యా గిన్నె కడిగి, అందులో మా ఇంటి అరిసెలు పెట్టి పంపేది.

ఇక్కడొక మాట చెప్పాలి. సలీం చెడ్డవాడైతే నా పని ఎంతో తేలికయ్యేది. పై అధికారుల దగ్గర చాడీలు చెప్పేవాడో, పోలీసుల దగ్గర మెత్తబడేవాడో అయితే హాయిగా ద్వేషించి ఊరుకునేవాణ్ణి. అతను నన్ను "బావా" అని పిలిచేవాడు. టిఫిన్ డబ్బా తెరిస్తే సగం నా వైపు తోసేవాడు. ఇలాంటివాడి మీద అసూయపడడం ఎంత శ్రమో, పడినవాళ్ళకే తెలుస్తుంది.

దొంగచాటు చదువు

నావల్ల కాదన్నారు కాబట్టి నేర్చుకోవాలని పట్టుబట్టాను. సలీం గుత్తి తీస్తున్నప్పుడు నేను రాసుకునే నెపంతో పక్కనే నిలబడి అతని మణికట్టు చూసేవాణ్ణి. కత్తి ఎటు వాలుతోంది, ఎడమ చెయ్యి ఎక్కడ ఎత్తి పట్టుకుంటోంది, ఎక్కడ ఆగుతున్నాడు. అడిగితే చెప్పేవాడే. అడగడం నాకిష్టం లేదు.

సలీం సెలవులో ఉన్న రోజుల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీదా ఫుట్‌పాత్‌ల మీదా పోయిన దిక్కులేనివాళ్ళు వచ్చినప్పుడు, పరీక్ష ఎలాగూ చేయాలి కనుక, నేను గుత్తి ప్రయత్నించేవాణ్ణి. మొదట్లో నాలుక కింద నుంచి గొంతు వదులు చేయడమే వచ్చేది కాదు. తర్వాత ఛాతీకీ కడుపుకీ మధ్య అడ్డంగా ఉండే పొర, ఉదరవితానం, దగ్గర తొందరపడి చింపేవాణ్ణి. ఒకసారి అంతా సవ్యంగా వచ్చిందని సంబరపడి ఎత్తేసరికి, పెద్ద రక్తనాళం సగానికి తెగి వెన్నెముకకే ఉండిపోయింది. మార్చురీలో పనిచేసే అప్పన్న చూసి, "పోనీలెండి బావూ, సలీం బావు కూడా మొదట్లో..." అని ఆగిపోయాడు. సలీం మొదట్లో కూడా అలా చింపలేదని అప్పన్నకి తెలుసు, నాకూ తెలుసు.

కానీ వచ్చింది. కోపంతో నేర్చుకున్నది చేతికి బాగా అంటుతుందని నా నమ్మకం. బోర్లా పరిచిన గుత్తి వెనక నుంచి పెద్ద రక్తనాళాన్ని పైనుంచి కిందికి చీల్చి, దాని లోపలి నునుపుని చూస్తున్నప్పుడు, సలీం ఇన్నాళ్ళూ ఏం చూస్తున్నాడో నాకర్థమైంది. విడివిడి పద్ధతిలో మనం అవయవాలు చూస్తాం. గుత్తిలో అవి ఒకదానికొకటి ఏమవుతాయో చూస్తాం. అది తెలిశాక అసూయ తగ్గాలి. నాకు పెరిగింది.

సలీంకి ఒక కోరిక ఉండేది. ఆ పాత పుస్తకంలోనే ఒక కేసు చదివాడట. మింగిన చేపముల్లు ఒకటి అన్నవాహికకి అడ్డంగా గుచ్చుకుని, రోజులు గడిచేకొద్దీ దాని గోడలోంచి దూసుకుని, వెనకే ఆనుకుని ఉండే పెద్ద రక్తనాళంలోకి దారి చేసుకుంటుంది. అప్పటిదాకా మామూలుగా తిరుగుతున్న మనిషి ఒక్కసారిగా నెత్తురు కక్కుకుని పోతాడు.

"మనూర్లో ఇన్ని సేపలు తింతన్నారు గదా బావా," అనేవాడు టీ తాగుతూ. "ఆ కేసులన్నీ ఏటైపోతన్నాయి? అన్నవాహికని, రక్తనాళాన్ని ఏరుసేసి పీకీత్తన్నాం. ఉన్న దారి మనమే తెంపీత్తన్నాం. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నా సేతికి రావాల."

నేను విననట్టు టీ తాగేవాణ్ణి.

నూకాలు

ఎనభైల మొదట్లో, ఉక్కు కర్మాగారం కట్టే పనులు జోరుగా సాగుతున్న రోజులు. గోదావరి జిల్లాల నుంచి పనికొచ్చినవాళ్ళతో గాజువాక నిండిపోయింది. వాళ్ళలో వెంకట్రావు అని ఒక ఫిట్టరు. జాలరిపేట పిల్ల నూకాలుని ఇష్టపడి చేసుకున్నాడు. పక్క వాటాలోనే అతని అన్న సత్యం. ఆ పెళ్ళి సత్యానికి మొదటి నుంచీ గిట్టలేదు.

ఒక రోజు మధ్యాహ్నం భార్య వడ్డించిన అన్నం తింటూ తింటూ వెంకట్రావు నెత్తురు కక్కుకుని కంచం మీదే పడిపోయాడు. ఆసుపత్రికి తెచ్చేసరికి ప్రాణం లేదు. విషం పెట్టి చంపిందని సత్యం కేసు పెట్టాడు. మర్నాడు పొద్దున శవం నా బల్ల మీదికి వచ్చింది. ఆ రోజు సలీం చెల్లెలి పెళ్ళి. సలీం సెలవు.

ఇన్‌స్పెక్టరు హడావుడిగా ఉన్నాడు. "సాయంత్రం లోపల ఆవిణ్ణి కోర్టులో పెట్టాలి డాక్టరు గారూ. విషమేనని మీరొక మాట రాసిస్తే మా పని అయిపోద్ది."

శవాన్ని గుర్తుపట్టడానికి నూకాలుని తీసుకొచ్చి వరండాలో కూర్చోబెట్టారు. ఇక్కడ కొత్తవాళ్ళకి నేను చెప్పే మాట ఒకటే. కత్తి పట్టుకునే ముందు బయటికెళ్ళి అడగండి. చచ్చిపోయినవాడు ఏం తిన్నాడు, ఎక్కడ నొప్పన్నాడు, ఇంట్లోవాళ్ళని అడగండి. పోలీసులు చెప్పింది విని లోపలికి వెళ్ళకండి.

నేను అడిగాను. ఆ పిల్ల ఏడవడం కూడా మానేసింది, గొంతు బొంగురుపోయి ఉంది.

"నానేటీ ఎట్టలేదు బావూ. పోయిన ఆదోరం పండుగప్ప వొండేను. తింతంటే ముల్లు దిగబడిపోనాది. ఉత్తన్నం ముద్ద మింగితే దిగిపోతాదని మా బావగోరే ముద్దలు సేసి నోట్లో ఎట్టేరు. దిగిపోనాదన్నాడు. మర్నాటి నుంచి రొమ్ములో నొప్పి, రొమ్ములో నొప్పి అని ఒకటే గోల. మొన్న కాసింత నెత్తురు ఉమ్మీసేడు. ఆస్పటాలుకెల్దారి రా అంటే, తగ్గిపోనాదే అని డూటీకెల్లిపోనాడు."

 ముల్లు, రొమ్ములో నొప్పి, కాసింత నెత్తురు, మధ్యలో తగ్గినట్టు అనిపించడం. సలీం టీ తాగుతూ చెప్పిన పుస్తకం కేసు వరస తప్పకుండా నా ముందు కూర్చుని మాట్లాడుతోంది. మన ఇళ్ళలో అందరం చేసే వైద్యమే అది. గొంతులో ముల్లు గుచ్చుకుంటే ఉత్తి అన్నం ముద్ద చేసి, నమలకుండా మింగమంటాం. చిన్న ముల్లైతే దిగిపోతుంది. పెద్దదైతే ఆ ముద్ద దాన్ని సుత్తితో కొట్టినట్టు లోపలికి దిగగొడుతుంది.

లోపలికొచ్చి అప్పన్నతో, "గుత్తి తీస్తున్నాను" అన్నాను. 

ఆ రోజు తీసినంత నెమ్మదిగా నేనెప్పుడూ తీయలేదు. ఎక్కడా తెగలేదు. కడుపు గడ్డకట్టిన నెత్తురుతో దిమ్మలా ఉంది. దాన్ని రెండు వైపులా కట్టాను. గుత్తిని బోర్లా పరిచి, పెద్ద రక్తనాళాన్ని వెనక నుంచి చీల్చాను. గుండె దాటి అది వంపు తిరిగి కిందికి దిగే చోట, ముందు గోడకి చిన్న రంధ్రం. దాని చుట్టూ నల్లగా ఒరుసుకుపోయిన అంచు. సన్నని సలాక దూరిస్తే నేరుగా అన్నవాహికలోకి వెళ్ళింది. అన్నవాహిక తెరిచాను. అడ్డంగా, గట్టిగా, పసుపుపచ్చగా, ముల్లు.

నా మొదటి ఆలోచన నూకాలు గురించి అని రాస్తే బాగానే ఉంటుంది. కాదు. సలీంకి దొరకనిది నాకు దొరికింది. అదీ నా మొదటి ఆలోచన. గ్లవుజులు తీయకుండానే కాసేపు అలా నిలబడి ఆనందించాను.

ఫోను

తర్వాత ఆఫీసు గదికి వెళ్ళి ప్రొఫెసరు గారికి ఫోన్ చేశాను. చెప్పిందంతా విన్నారు.

"గుత్తి తీశావా? నిన్నెవరు తీయమన్నారు?"

"కేసు అలాంటిది సార్."

"ఆ రంధ్రం నీ కత్తెర మొనది అయి ఉంటుంది. ముల్లు ఉంటే ఉండొచ్చు, చేప తిన్నాడుగా."

"కాదు సార్. అంచులు పాతవి. చీము కూడా ఉంది."

 నాకు తెలుసు ఏం వస్తుందో.

"సలీం చూశాడా?"

"సలీం చెల్లెలి పెళ్ళి సార్ ఇవాళ."

"అయితే అభిప్రాయం ఆపి పెట్టు. అవయవాలు ఉప్పునీటి సీసాల్లో పెట్టి హైదరాబాదు పంపించు. రసాయన పరీక్ష వచ్చాక చూద్దాం."

ఆ పరీక్ష ఫలితం నెలల తరబడి రాదు. అప్పటిదాకా నూకాలు జైల్లో ఉంటుంది. వచ్చాక విషం లేదని తేలినా, మొగుణ్ణి చంపిందన్న పేరు జాలరిపేటలో గానీ గాజువాకలో గానీ ఎవరు చెరుపుతారు?

ప్రొఫెసరు గారిని కాదని నేను రాసివ్వచ్చు. కానీ రేపు కోర్టులో ఆయనే బోనెక్కి, మూర్తికి ఆ పద్ధతి చేతకాదు, అది కత్తెర మొన అంటే? నా మాట నిలవదు. సలీం వచ్చి చూస్తే నిలుస్తుంది. సలీం వస్తే మాత్రం ఇక ఇది నా కేసు కాదు. ఇన్నేళ్ళలో నేను ముందుగా, నా చేతులతో, నా కోపంతో కనిపెట్టింది ఇదొక్కటే. అదీ రేపటి నుంచి సలీం కేసు అవుతుంది. ఈ సంగతి నాకు ఆ గదిలో నిలబడి ఉన్నప్పుడే స్పష్టంగా తెలుసు.

కిటికీలోంచి వరండా కనిపిస్తోంది. నూకాలు గోడకి తల ఆనించి కూర్చుంది.

బయటికెళ్ళి ఇన్‌స్పెక్టరుతో, "జీపు తీయండి. పాతపట్నం వెళ్ళాలి" అన్నాను. చాలా విసురుగా అన్నాను. ఆయన ఏం తప్పు చేశానా అన్నట్టు చూశాడు.

పెళ్ళింట్లో

పాతపట్నం సందులో షామియానా వేసి ఉంది. పోలీసు జీపు వచ్చి ఆగేసరికి పెళ్ళివారందరూ లేచి నిలబడ్డారు. బిర్యానీ డేగిసాల దగ్గరున్నవాళ్ళు గరిటెలు పట్టుకునే చూస్తున్నారు. సలీం తెల్లటి షేర్వాణీలో, అత్తరు ఘుమఘుమలతో, నవ్వుకుంటూ వచ్చాడు.

"ఏటి బావా, పెల్లికి జీపేసుకొచ్చినావ్? నన్ను గానీ అరెస్టు సేత్తన్నారేటి?"

నేను పక్కకి తీసుకెళ్ళాను.  నా ఉద్యోగంలో అంత కష్టపడి ఇంకే మాటా అనలేదు.

"నువ్వొకసారి చూడాలి."

"ఏటది?"

"ముల్లు. అన్నవాహికలోంచి రక్తనాళంలోకి."

సలీం ముఖంలో నవ్వు ఆగిపోయింది. "ఎవరు తీసేరు?"

"నేనే. గుత్తి."

సలీం వెంటనే వాళ్ళ నాన్న దగ్గరికెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. పెద్దాయన నా వైపు చూసి, "ఎల్లి బేగొచ్చీ, నిఖాకి టైమైపోతంది" అన్నారు. షేర్వాణీతోనే జీపెక్కాడు.

మార్చురీలో షేర్వాణీ మీదే ఏప్రను కట్టుకుని, బల్ల మీదికి వంగాడు. దేన్నీ ముట్టుకోలేదు. సలాక దూరిన చోటుని ఒక వైపు నుంచీ, మళ్ళీ రెండో వైపు నుంచీ చూశాడు. నేను అతని ముఖాన్నే చూస్తున్నాను. మళ్ళీ మొదటి వైపుకే వెళ్ళి వంగాడు. తప్పు దొరికిందేమోనని భయపడ్డాను. దొరకాలని కూడా, నిజం చెప్పాలంటే, ఒక మూల నాకే అనిపించింది. దొరికితే కనీసం ఈ వేదన ఉండదు.

సలీం తిన్నగా ఆఫీసు గదికి నడిచి ఫోన్ తీశాడు. "సార్, సలీంని. చూశాను. ముల్లే. కత్తెర కాదు."

ప్రొఫెసరు గారు ఎంతో సేపు పట్టకుండానే వచ్చేశారు. నేను ఫోన్ చేసినప్పుడు కదలని మనిషి. బల్ల మీదికి వంగి చూసి, సలీం భుజం తట్టి, "శభాష్" అన్నారు.

"తీసింది మూర్తి సార్" అన్నాడు సలీం.

"అదేలే. నువ్వు నేర్పబట్టే కదా" అన్నారాయన.

నేను రిపోర్టు రాశాను. మరణానికి కారణం ఏమిటో, విషం లక్షణాలు ఎందుకు కావో రాశాను. ప్రొఫెసరు గారు చదివి తలూపారు. ఇన్‌స్పెక్టరు నూకాలుని వదిలేశాడు.

సత్యానికి చెప్పాల్సి వచ్చింది. వరండాలో నిలబడి ముగ్గురం చెప్పాం. అతను విని, విని, చివరికి అడిగాడు: "అయితేనండీ బాబూ, ఆ రోజు ముద్దలు చేసి మింగించింది నేనేనండి. అందువల్ల గానీ..."

నేను నోరు తెరిచాను. ముద్ద ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు, చెప్పేసేవాణ్ణే. సలీం నాకంటే ముందు అందుకున్నాడు. "ముద్ద మింగకపోయినా దిగీదే. అంత పెద్ద ముల్లది. నువ్వేటి సేత్తావు?" అన్నాడు. సత్యం అక్కడే కూలబడి తమ్ముణ్ణి తలుచుకుని మొదటిసారి ఏడ్చాడు. కాసేపటికి నూకాలు వెళ్ళి అతని పక్కన కూర్చుంది. సలీం చెప్పింది నిజమో కాదో ఎవరూ తేల్చలేరు. కానీ ఆ క్షణంలో ఆ మాట నాకు తట్టలేదు. చేతులు సరే, నాలుక కూడా అతనిదే మంచిది.

వెళ్ళేముందు నూకాలు సలీం కాళ్ళకి దండం పెట్టింది. తెల్ల షేర్వాణీ, అత్తరు, పెద్ద డాక్టరంటే అతనే కాబోలనుకుంది. నేను గ్లవుజులు కడుక్కుంటున్నాను.

కుళాయి దగ్గర

ఆ ముల్లుతో సహా ఆ ముక్కని ఫార్మలిన్ సీసాలో పెట్టి మ్యూజియంలో ఉంచారు. విద్యార్థులు దాన్ని "సలీం సార్ ముల్లు" అంటారు. మొదట్లో సరిదిద్దేవాణ్ణి, తర్వాత మానేశాను. మొన్న మా ఇంటికొచ్చిన అమ్మాయి కూడా అదే మాట అంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి చివరగా చెప్పేదేమిటంటే, మీ పక్కన మీకంటే మంచి చెయ్యి ఉన్నవాడు ఒకడు ఉంటాడు. ఉంటే మీ అదృష్టం. వాణ్ణి చూసి కుళ్ళుకోండి, కుళ్ళుకుంటూనే నేర్చుకోండి. అవసరం వచ్చిన రోజు మాత్రం జీపెక్కి వెళ్ళి పిలుచుకురండి. ఆ ప్రయాణం బాగుండదు. అయినా వెళ్ళండి.

ఆ రోజు జరిగింది ఇంకొకటుంది. అందరూ వెళ్ళిపోయాక సలీం కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ నిలబడిపోయాడు. చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి, ఇంకా కడుగుతూనే ఉన్నాడు. పెళ్ళికి ఆలస్యమవుతోందని గుర్తుచేశాను.

నా వైపు తిరక్కుండానే అన్నాడు: "నీ మీద కుల్లుగా ఉంది బావా. ఇన్నేల్లు నాను ఎతికేనే. ఒక్క రోజు, ఒక్క రోజు లేకపోతే నీకు దొరికీసిందది. అంత బాగా ఎలాగ తీసేవు? నా వల్ల కూడా అయ్యీది కాదది."

 అదే బల్లకి ఇటు నిలబడి ఇన్నేళ్ళుగా నేను అతని ముఖం మీద అనలేకపోయిన మాట, అతను చేతులు కడుక్కుంటూ అనేశాడు. చేతులు తుడుచుకుని, నా భుజం మీద ఒకటి చరిచి, నిఖాకి వెళ్ళిపోయాడు.

నాకు వచ్చిన బహుమానం అది. ఆగలేక, ఇంటికెళ్ళగానే చెప్పులు విడవకుండా మా ఆవిడతో చెప్పాను. సలీంకి నా మీద కుళ్ళట, తనే అన్నాడు అని.

ఆవిడ చేస్తున్న పని ఆపి, ఎంతో ముచ్చటగా నవ్వి, "పైకే అనేశాడా? ఎంత మంచి మనసండీ సలీం అన్నయ్యది!" అంది.